తేరగా వచ్చిన బంతి కాదది: హ్యారీ షీజెల్ తొలి సీజన్

“అన్నా, మీవాళ్లు గెలిచింది మూడే మూడు మ్యాచ్‌లు. ఆటంతా మీ గోల్ ముందరనే నడుస్తుంటే, ఆడ నిలబడ్డ పోరగానికి ముప్పై టచ్‌లు రాక ఏమైతయి? అన్నీ తేరగ వచ్చినయే.”

2023 ఫుటీ సీజన్ అయిపోయాక మా వరంగల్ తమ్ముడు అన్న మాట ఇది. మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటాడు. కాలింగ్‌వుడ్ అభిమాని. ఆ ఏడాది వాళ్లు గ్రాండ్ ఫైనల్లో బ్రిస్బేన్‌ని 4 పాయింట్ల తేడాతో ఓడించి కప్పు కొట్టారు. మా నార్త్ మెల్‌బోర్న్ 18 జట్లలో 17వ స్థానంలో ఆగిపోయింది. గెలుపోటముల గురించి అతనితో వాదించడానికి నా దగ్గర ఏమీ లేదు. కానీ మా జట్టు కొత్త కుర్రాడు హ్యారీ షీజెల్ విషయంలో ఆ ‘తేరగా’ అన్న మాట మాత్రం నాకు మింగుడుపడలేదు. ఆ రోజు ఏదో అడ్డదిడ్డంగా సమాధానం చెప్పి ఊరుకున్నాను. తర్వాత ఆ మ్యాచ్‌లు చాలావరకు మళ్లీ చూశాను. ఇప్పుడు స్థిమితంగా చెబుతున్నాను.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం కొంచెం. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌ని ఇక్కడ అందరూ ఫుటీ అంటారు. కోడిగుడ్డు ఆకారంలో పెద్ద మైదానం, ఒక్కో జట్టుకి 18 మంది, నాలుగు క్వార్టర్లు. నాలుగు స్తంభాల్లో మధ్య రెండింటి మధ్యగా బంతిని తంతే గోల్, 6 పాయింట్లు. పక్క స్తంభాల మధ్య నుంచి పోతే బిహైండ్, 1 పాయింట్. బంతిని చేత్తో విసరకూడదు. తన్నాలి, లేదా ఒక చేతిలో పెట్టుకుని రెండో చేతి పిడికిలితో గుద్ది ఇవ్వాలి. అలా తన్నినా, గుద్ది ఇచ్చినా లెక్కల్లో దాన్ని డిస్పోజల్ అంటారు. మామూలు మాటల్లో టచ్. మ్యాచ్ అవ్వగానే ఎవరికెన్ని టచ్‌లు వచ్చాయో ఫోన్లో వచ్చేస్తుంది. క్రికెట్‌లో స్కోర్‌కార్డు చూసినట్టు జనం దాన్నే చూస్తారు. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

షీజెల్ మా జట్టుకి వచ్చిన తీరు కూడా చెప్పాలి. ఆ కుర్రాడి మీద మేం ఎందుకంత ప్రాణం పెట్టుకున్నామో అప్పుడే తెలుస్తుంది. 2021 డ్రాఫ్ట్‌లో, అంటే క్లబ్బులు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే చోట, దేశం మొత్తం మీద మొదటి ఎంపికగా జేసన్ హార్న్-ఫ్రాన్సిస్‌ని నార్త్ మెల్‌బోర్న్ తీసుకుంది. అతను ఒక్క సీజన్ ఆడి పోర్ట్ అడిలైడ్‌కి వెళ్లిపోయాడు. ఇంటికి పెద్దకొడుకు అనుకున్నవాడు ఏడాది తిరగకుండా వేరే ఊరు చూసుకున్నట్టయింది మాకు. నాలుగు క్లబ్బుల మధ్య జరిగిన ఆ మార్పిడిలో మా చేతికి వచ్చిన ఎంపికలతో 2022 డ్రాఫ్ట్‌లో మూడో స్థానంలో హ్యారీ షీజెల్, నాలుగో స్థానంలో జార్జ్ వార్డ్‌లా వచ్చారు. షీజెల్ చదివింది మెల్‌బోర్న్‌లోని మౌంట్ స్కోపస్ అనే యూదుల బడిలో, జూనియర్ ఆట శాండ్రింగ్‌హామ్ డ్రాగన్స్‌కి. ఎజ్రా పోయస్ తర్వాత ఏఎఫ్ఎల్‌లోకి, అంటే ఫుటీ అగ్రశ్రేణి లీగ్‌లోకి వచ్చిన యూదు ఆటగాడు ఇతనే. వలస కుటుంబంలో పిల్లల్ని పెంచుతున్నవాడిగా ఆ సంగతి నా మనసులో ఓ మూల ఉండిపోయింది.

అసలు విషయం ఏమిటంటే, అతన్ని తీసుకున్నది ఫార్వర్డ్‌గా, అంటే ముందు వరసలో గోల్స్ కొట్టేవాడిగా. జూనియర్ స్థాయిలో గోల్స్ కొట్టే కుర్రాడిగానే పేరు. ఆ ఏడాదే కొత్త కోచ్‌గా వచ్చిన అలస్టర్ క్లార్క్‌సన్ అతన్ని తీసుకెళ్లి హాఫ్ బ్యాక్‌లో, అంటే వెనక వరస నుంచి బంతిని ముందుకు నడిపించే చోట నిలబెట్టాడు. క్లార్క్‌సన్ అంటే హాథార్న్‌కి 2008లో ఒకటి, 2013, 2014, 2015లో వరసగా మూడు కప్పులు సాధించి పెట్టిన మనిషి. ఆ హాథార్న్ జట్టులో బంతి వెనక నుంచి ముందుకు ఎలా కదలాలో నిర్ణయించింది హాఫ్ బ్యాక్‌లో ఉండే లూక్ హాడ్జ్ లాంటి మంచి కాలున్న వాళ్లే, అంటే గురి తప్పకుండా తన్నగలవాళ్లే. కాబట్టి ఆయన ఒక పద్దెనిమిదేళ్ల కుర్రాడిని అక్కడ పెట్టాడంటే ఖాళీ ఉందని పెట్టలేదు.

2023 మార్చి, మొదటి రౌండు, మార్వెల్ స్టేడియం, ప్రత్యర్థి వెస్ట్ కోస్ట్. షీజెల్‌కి మొదటి మ్యాచ్. 34 డిస్పోజల్స్. మేం 5 పాయింట్ల తేడాతో గెలిచాం. తర్వాతి వారం పెర్త్ వెళ్లి ఫ్రీమాంటిల్ మీద ఒక్క పాయింటుతో గెలిచాం. రెండుకి రెండు. ఆ వారం రోజులు మా ఇంట్లో పండగే. నార్త్ వాళ్ల మైదానం ఆర్డెన్ స్ట్రీట్ పక్కన అద్దెకున్న రోజుల్లో పట్టుకున్న అభిమానం ఇన్నాళ్లకి ఫలించిందనుకున్నాను.

తర్వాత వరసగా 20 ఓటములు.

ఈ మధ్యలోనే మే నెలలో క్లార్క్‌సన్ ఆరోగ్యం కోసం పక్కకి తప్పుకున్నాడు, బ్రెట్ రాటెన్ తాత్కాలికంగా జట్టుని నడిపాడు, ఆగస్టులో క్లార్క్‌సన్ తిరిగొచ్చాడు. చివరి రౌండులో హోబార్ట్‌లో గోల్డ్ కోస్ట్ మీద గెలిచాం, నిక్ లార్కీ ఒక్కడే 9 గోల్స్ కొట్టాడు. అంటే మార్చి తర్వాత మళ్లీ గెలుపు చూసింది ఆగస్టు చివర్లోనే. ఈ కాలమంతా ఒక కుర్రాడు ప్రతి వారం వెనక వరసలో నిలబడి, గట్టు తెగిన చెరువులా మీద పడుతున్న ఆటని ఎదుర్కొన్నాడు. సీజన్ చివర, కొత్త కుర్రాళ్లలో మేటికిచ్చే రైజింగ్ స్టార్ అవార్డు అతనికే వచ్చింది. 1998లో బైరన్ పికెట్ తర్వాత నార్త్ ఆటగాడికి ఆ అవార్డు రావడం ఇదే, 25 ఏళ్ల తర్వాత. క్లబ్బులో ఆ ఏటి మేటి ఆటగాడికిచ్చే సిడ్ బార్కర్ మెడల్ కూడా తొలి సీజన్లోనే గెలుచుకున్నాడు.

ఇప్పుడు మా తమ్ముడి వాదన. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను, ఎందుకంటే అందులో నిజం ఉంది. ఓడిపోయే జట్టులో బంతి ఎక్కువ సేపు వెనకే ఉంటుంది. ప్రత్యర్థి గోల్ తప్పి బిహైండ్ అయిందంటే బంతి మళ్లీ మన వెనక వరస చేతికే వస్తుంది. అక్కడ నుంచి పక్కనున్నవాడికి చిన్న కిక్, వాడి నుంచి ఇంకొకడికి, తిరిగి మొదటివాడికి. పదిహేను మీటర్లు దాటిన కిక్‌ని గాల్లో పట్టుకుంటే అది మార్క్, ఎవరూ మీద పడకూడదు. అంటే ఏ ఒత్తిడీ లేకుండా ముగ్గురు కలిసి నిమిషంలో అరడజను టచ్‌లు కూడబెట్టుకోవచ్చు. మా జట్టులోనే 2021లో, ఆఖరి స్థానంలో నిలిచిన ఏడు, అప్పటి కెప్టెన్ జాక్ జీబెల్‌ని హాఫ్ బ్యాక్‌కి మార్చారు. అతనికీ బంతి విపరీతంగా వచ్చింది. అప్పుడూ జనం ఇదే మాట అన్నారు. అప్పట్లో నేనూ కొంత ఒప్పుకున్నాను.

షీజెల్ సీజన్ మొత్తం అలాంటి టచ్‌లేనా? కాదని నాకు అర్థమైంది గోల్ వెనక నుంచి ఆట చూడటం మొదలుపెట్టాక.

టీవీలో ఫుటీ చూస్తే బంతి వెంటే కెమెరా పోతుంది. బంతి లేనప్పుడు ఎవరు ఏం చేస్తున్నారో కనిపించదు. ఆ చలికాలంలో నేనూ మా అమ్మాయీ మార్వెల్‌లో గోల్ స్తంభాల వెనక, పై అంతస్తులో చవక టికెట్లు కొనుక్కుని కూర్చునేవాళ్లం. అక్కడ నుంచి చూస్తే మైదానం చదరంగం బల్లలా పరుచుకుని ఉంటుంది. ఒక మ్యాచ్‌లో మా అమ్మాయికి ఒక పని పెట్టాను. మూడో నంబరు జెర్సీని మాత్రమే చూడు, బంతి ఎక్కడున్నా సరే. ఆమె మొదటి క్వార్టర్లోనే ఒకటి గమనించింది. “నాన్నా, బంతి వేరేవాళ్ల దగ్గరున్నప్పుడే ఇతను పరుగు మొదలుపెడుతున్నాడు.” నిజమే. బంతి ఇంకా పెనుగులాటలో ఉండగానే, అది ఎటు బయటపడుతుందో ఊహించి అటు నాలుగడుగులు వేసి ఉంటున్నాడు. దొరికినవాడు తలెత్తి చూసేసరికి కనిపించేది ఇతనే. లెక్కల్లో అది ఉచితంగా అందుకున్న ఒక హ్యాండ్‌బాల్, పిడికిలితో గుద్ది ఇచ్చిన బంతి. దాని వెనక ఉన్న పరుగు ఏ అంకెలోనూ లేదు.

ఇంకొకటి నా కళ్లముందే ఉంది. ప్రత్యర్థి బిహైండ్ కొట్టారు. మనవాళ్లు బంతిని గోల్ ముందు నుంచి ఎడమ మూలకి తన్నారు. షీజెల్ బౌండరీ గీతకి దగ్గరగా మార్క్ పట్టాడు. ఎదురుగా ప్రత్యర్థి ఒకడు చేతులు చాచి నిలబడ్డాడు. 2021లో వచ్చిన నియమం ప్రకారం వాడు ఉన్నచోటు నుంచి కదలకూడదు. అయినా వాడి వెనక అంచెలంచెలుగా పది మంది ఉన్నారు. బంతి ఎక్కువసేపు చేతిలో ఉంచుకుంటే అంపైర్ ‘ప్లే ఆన్’ అని అరుస్తాడు, ఇక ఎవరైనా మీద పడొచ్చు. ఆ క్షణంలో ఏ పద్దెనిమిదేళ్ల వాడైనా చేసే పని ఒకటుంది. బౌండరీ వెంట ఎత్తుగా, దూరంగా తన్నేయడం. అక్కడ గుంపు పడుతుంది, బంతి గీత దాటి పోతుంది, ఎవరూ మాట అనరు. ఇతను భుజాలు అటే తిప్పాడు. ఎదుటివాళ్లంతా అటు ఒరిగారు. ఒక్క అడుగు లోపలికి వేసి, ఏటవాలుగా మైదానం మధ్యలోకి, మోకాలి ఎత్తులో దూసుకుపోయేలా తన్నాడు. బంతి మనవాడి రొమ్ముకి తగిలింది. అక్కడ నుంచి ముందంతా ఖాళీ. ఆ కిక్ గాల్లో ఉన్నంతసేపూ నేను ఊపిరి బిగబట్టాను. పక్క సీట్లో పెద్దాయన కళ్లు మూసుకున్నాడు.

ఎందుకంత టెన్షన్? ఆ కిక్ ఒక మీటరు తప్పినా గోల్ పోతుంది. మైదానం మధ్యలో బంతి ప్రత్యర్థి చేతికి చిక్కితే, మనవాళ్లంతా దాడికని విడిపోయి ముందుకు కదులుతుంటారు, గోల్ కాచేవాడు ఉండడు. పది సెకన్లలో 6 పాయింట్లు. ఆ తప్పు ఎవరిదో స్టేడియంలో అందరికీ తెలుస్తుంది. ఫార్వర్డ్ గోల్ కొట్టబోయి తప్పితే ‘అయ్యో’ అంటారు, పైగా 1 పాయింటు కూడా వస్తుంది. మైదానం మధ్యలో ఆడే మిడ్‌ఫీల్డర్ కిక్ తప్పితే వెనక ఆరుగురున్నారు. హాఫ్ బ్యాక్ కిక్ తప్పితే వెనక ఎవరూ లేరు.

నా వాదన ఇదే. టచ్‌లన్నీ ఒకటే విలువ అనుకుంటే మా తమ్ముడిది నెగ్గినట్టే. కానీ బంతిని పోగొట్టుకుంటే ఎంత నష్టమో, ఆ నష్టం నీ నెత్తిన ఉందని తెలిసి కూడా నువ్వేం ఎంచుకున్నావో, అది కలిపి చూడాలి. మూడొంతులు భద్రమైన దారి ముందుండగా కష్టమైన దారిని ఎంచుకునే కిక్కులు షీజెల్ ఆ ఏడాదంతా తన్నాడు. కొన్ని తప్పాయి కూడా. తప్పి గోల్స్ పోయిన సందర్భాలున్నాయి, నేను చూశాను, తిట్టుకున్నాను. కానీ ఆ తప్పు తర్వాత మళ్లీ బంతి కావాలని చెయ్యెత్తేవాడు. 20 వారాలు వరసగా ఓడుతున్న జట్టులో చెయ్యెత్తడం ఎంత కష్టమో, ఎప్పుడైనా ఓడిపోయే జట్టులో ఆడినవాళ్లకి తెలుస్తుంది. నేను తెనాలిలో కాలేజీ కబడ్డీ జట్టులో ఆడాను. వరసగా ఓడుతున్నప్పుడు రైడ్‌కి వెళ్లమంటే ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లం. బంతి తన దగ్గరికి రాకుండా ఉంటే చాలనుకునే స్థితి అది. తేరగా వచ్చేదాన్ని ఎవరైనా తీసుకుంటారు. దీన్ని ఎవరూ తీసుకోరు. అందుకే అది అతని దగ్గరికే వచ్చింది.

ఇంతవరకు మా కుర్రాడి తరఫున మాట్లాడాను. ఇప్పుడు రెండో మాట, బహుశా నార్త్ అభిమానులకి నచ్చని మాట.

షీజెల్‌ది గొప్ప సీజన్. కానీ దాన్ని గొప్ప ‘డిఫెన్స్’ అనలేను. వెనక వరసలో ఆడటం వేరు, కాపు కాయడం వేరు. ప్రత్యర్థి జట్టులో ఆరున్నర అడుగుల ఫార్వర్డ్‌ని పట్టుకుని రెండు గంటలు వాడి చొక్కా వదలకుండా, వాడికి ఒక్క మార్క్ కూడా దక్కనివ్వకుండా ఆడే మనిషి ఒకడుంటాడు. గాల్లో బంతిని వాడు పట్టుకోబోతుంటే వెనక నుంచి పిడికిలితో గుద్ది పక్కకి కొడతాడు. దాన్ని స్పాయిల్ అంటారు. ఆ పని షీజెల్‌కి అప్పగించలేదు. అప్పగించకపోవడం సరైన నిర్ణయమే, అతని ఒడ్డూ పొడవూ దానికి సరిపోవు. కానీ అవార్డులిచ్చేటప్పుడు ‘యువ డిఫెండర్’ అని మనం చప్పట్లు కొట్టేది ఎప్పుడూ ఇతని లాంటి వాళ్లకే. ఆ రెండోరకం వాళ్ల సంగతేమిటి?

రైజింగ్ స్టార్ జాబితా తీసి చూడండి. ఆ ఏడు జనవరి 1 నాటికి 21 ఏళ్లు నిండని, అంతకుముందు 10 మ్యాచ్‌లకి మించి ఆడని కుర్రాళ్లకిచ్చే అవార్డు అది. 2016లో సిడ్నీ కుర్రాడు కాలమ్ మిల్స్, 2017లో ఎసెండన్ కుర్రాడు ఆండ్రూ మెక్‌గ్రాత్, 2022లో కాలింగ్‌వుడ్ కుర్రాడు నిక్ డేకోస్, 2023లో షీజెల్. నలుగురూ ఆ ఏడు హాఫ్ బ్యాక్ నుంచి బంతిని నడిపించినవాళ్లే. గోల్ ముందు నిలబడి పెద్ద ఫార్వర్డ్‌లని ఆపే డిఫెండర్‌కి ఆ అవార్డు వచ్చిందంటే నాకు గుర్తొచ్చేది 2012లో అడిలైడ్ ఆటగాడు డేనియల్ టాలియా. ఆ ఏడు అతను దాటి వచ్చింది జెరెమీ క్యామరన్ లాంటి గోల్స్ కొట్టే కుర్రాడిని. అలాంటి ఎంపిక ఆ తర్వాత మళ్లీ జరగలేదు.

2022 సంగతే తీసుకుందాం. డేకోస్ గెలిచిన ఏడు జీలాంగ్‌కి శామ్ డి కోనింగ్ అనే కుర్రాడున్నాడు. రెండు మీటర్లు దాటిన ఎత్తు. అంతకుముందు ఏడాది ఆడింది ఒకే ఒక్క మ్యాచ్. 2022లో జీలాంగ్ వెనక వరసలో స్థిరపడిపోయి, ప్రతి వారం తనకంటే పదేళ్లు పెద్దవాళ్లని కాచుకున్నాడు. గ్రాండ్ ఫైనల్లో జీలాంగ్ సిడ్నీని 81 పాయింట్ల తేడాతో చిత్తుచేసింది. సిడ్నీ మొత్తం స్కోరు 52. నిండా 21 ఏళ్లున్న కుర్రాడు ఉన్న వెనక వరస, కప్పు మ్యాచ్‌లో ఒక మేటి జట్టుని 8 గోల్స్ దగ్గర ఆపేసింది. డేకోస్‌కి అవార్డు ఇవ్వడం తప్పు అనను, ఆ కుర్రాడి ప్రతిభ కళ్లకి కట్టినట్టుంది. కానీ డి కోనింగ్ సీజన్ గురించి చెప్పమంటే జనం దగ్గర మాటలు లేవు. “బాగా ఆడాడు” అంటారు, అంతే. ఏం చేశాడని అడిగితే, జరగనివి చూపించాలి. పడని గోల్స్‌ని ఎలా చూపిస్తారు?

మన క్రికెట్‌లో వికెట్ కీపర్ సంగతి ఇలాగే ఉంటుంది. రోజంతా అతని పేరు ఎవరి నోటా రాలేదంటే ఆ రోజు అతను బాగా కీపింగ్ చేసినట్టు. ఒక్క బై పోతే రీప్లే వేస్తారు.

ఫాంటసీ ఆటలు దీన్ని ఇంకా పాడుచేశాయని నా అభిప్రాయం. మా ఆఫీసులో సగం మంది ఏఎఫ్ఎల్ ఫాంటసీ ఆడతారు, అంటే ఆటగాళ్లని ఎంచుకుని ఊహా జట్టు కట్టి, వాళ్ల అంకెలని బట్టి పాయింట్లు పొందే ఆట. అందులో కిక్‌కి 3 పాయింట్లు, హ్యాండ్‌బాల్‌కి 2, మార్క్‌కి 3, ట్యాకిల్‌కి 4. స్పాయిల్‌కి ఏమీ లేదు. సున్నా. గోల్ గీత మీద ఎగిరి పిడికిలితో బంతిని బయటికి కొట్టి జట్టుని కాపాడినవాడికి ఏమీ రాదు, బౌండరీ పక్కన తీరిగ్గా మార్క్ పట్టి పక్కనున్నవాడికి తన్నినవాడికి 6 వస్తాయి. సోమవారం పొద్దున కాఫీ దగ్గర మాటలన్నీ ఆ పాయింట్ల చుట్టూనే. షీజెల్ వాళ్లకి దేవుడు. వాళ్లు మెచ్చుకున్న కారణం చూసి నాకు మనసు చివుక్కుమనేది. మా తమ్ముడు తిట్టడానికి ఏ అంకె చూపించాడో, వీళ్లు పొగడటానికి అదే అంకె చూపించారు. మైదానం మధ్యకి తన్నిన ఆ కిక్ ఇద్దరికీ పట్టలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. హాఫ్ బ్యాక్ అంటే మిడ్‌ఫీల్డ్‌కి వెళ్లేముందు కూర్చోబెట్టే వరండా అన్నట్టు తయారైంది. ఆట మొత్తం ఎదురుగా కనిపిస్తుంది, నడుము మీద ఎవరూ పడరు, ఆట నేర్చుకోవడానికి మంచి చోటు, ఏడాది రెండేళ్లయ్యాక మధ్యలోకి తీసుకుపోదాం అంటారు. మిల్స్‌ని అలాగే తీసుకెళ్లారు, డేకోస్‌నీ అంతే. కోచ్‌ల లెక్క నాకు అర్థమవుతుంది. కానీ లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాడికని అంపైర్లు ఓట్లు వేసే బ్రౌన్‌లో మెడల్ మిడ్‌ఫీల్డర్ల సొత్తు అయిపోవడానికి ఇది కూడా ఒక కారణం. 1993లో గావిన్ వాంగనీన్ వెనక వరసలో ఆడి ఆ మెడల్ గెలిచాడు. మళ్లీ అలాంటిది చూడలేదు. మంచి కాలున్న ప్రతి కుర్రాడినీ మధ్యలోకి లాగేస్తే, వెనక నుంచి ఆటని కట్టేవాడు ఎవడు?

ఇదంతా నాకు ఇంత పట్టడానికి కారణం మా అమ్మాయి. తొమ్మిదేళ్లు. శనివారం పొద్దున్నే మంచు ఇంకా గడ్డి మీద ఉండగానే మా పార్కులో ఆట మొదలవుతుంది. అక్కడ సగం మంది మనవాళ్ల పిల్లలే. గట్టు మీద తల్లిదండ్రులు ఫ్లాస్కుల్లో టీ పట్టుకుని తెలుగు, పంజాబీ, ఇంగ్లీషు కలగలిపి అరుస్తుంటారు. ఒక రోజు కోచ్ ఆమెని వెనక వరసలో పెట్టాడు. ఆట అయ్యాక కారెక్కి బెల్టు పెట్టుకోకుండా కూర్చుంది. “నాన్నా, నాకు బంతే రాలేదు.” కళ్లలో నీళ్లు. “మరి నువ్వు కాచిన అమ్మాయికి?” అన్నాను. కాసేపు ఆలోచించింది. “ఆ పిల్లకీ రాలేదు.” రెండుసార్లు వచ్చింది నిజానికి. రెండుసార్లూ మా అమ్మాయి ఎగిరి పిడికిలితో కొట్టింది. ఆ చలికి కుడిచేతి కణుపులు ఎర్రగా కందిపోయాయి. నేను ఆ చెయ్యి పట్టుకుని చూస్తుంటే, “ఇది లెక్కలోకి వస్తుందా?” అని అడిగింది.

ఏం చెప్పాలి? ఫోన్లో వచ్చే లెక్కలోకి రాదు. ఆ రోజు ఇంటికెళ్లి డి కోనింగ్ మ్యాచ్ ఒకటి పెట్టి చూపించాను. ఎవడి చేతిలో బంతి ఉందో చూడకు, ఎవడి చేతికి రాలేదో చూడు అన్నాను. ఆ తర్వాత షీజెల్ మొదటి మ్యాచ్ పెట్టాను. ఇద్దరూ డిఫెండర్లేనా అంది. అవును, ఒకడు తలుపు వేస్తాడు, ఒకడు తీస్తాడు అన్నాను. తనకి రెండూ చేయాలని ఉందంది.

ఈ మధ్య మా తమ్ముడితో మళ్లీ ఈ మాట వచ్చింది. మైదానం మధ్యకి తన్నే కిక్కుల గురించి నేను చెప్పిందంతా విన్నాడు. “సరే అన్నా, ఆ కిక్కులు తేరగ వచ్చినయి కావు, ఒప్పుకుంట. కానీ వానికంటే మా డేకోస్ మంచిగ తంతడు” అన్నాడు. దాని మీద ఇంకో గంట నడిచింది.

2024లో షీజెల్‌ని మిడ్‌ఫీల్డ్‌లోకి తీసుకెళ్లారు. అక్కడా బాగానే ఆడాడు, సంతోషమే. మార్వెల్‌లో అదే పై అంతస్తులో కూర్చుని ఉన్నాం. అంపైర్ బంతిని నేలకి కొట్టి ఆట మొదలుపెట్టే మొదటి బౌన్స్‌కి అందరూ మైదానం మధ్యలో ఉన్న మూడో నంబరు వైపు చూస్తుంటే మా అమ్మాయి మాత్రం నా మోచెయ్యి తట్టి, వెనక ఎడమవైపు అతను నిలబడే చోటు చూపించింది. అక్కడ ఇంకో కుర్రాడున్నాడు. సాక్సు పైకి లాక్కుని, తన మనిషి ఎక్కడున్నాడా అని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు.